ముందు చోటు చూడండి, తర్వాతే మొక్క

మొన్న వానలు తగ్గాక తీరంలో కోసుకొచ్చిన సీ పర్స్‌లేన్‌ను (సముద్రపు ఒడ్డున పెరిగే, కూరగా తినే మొక్క) పచ్చిగానే తిని, తెలిసినవాళ్ళింట్లో అందరూ వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. తెచ్చింది సరైన మొక్కే. కోసిన చోటే తప్పు. మురుగు కాలువ సముద్రంలో కలిసే దగ్గర కోశారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. ఇసుక మీద పాకే ఎర్రటి కాడలు, ఎదురెదురుగా రసం నిండిన మందపాటి ఆకులు, చిన్న గులాబీ రంగు పూలు. కాడ విరిస్తే నీళ్ళలాంటి రసం రావాలి. తెల్లటి పాలు కారితే అది ఈ మొక్క కాదు, పారేయండి. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోవద్దు. అలా పాలు కారే యుఫోర్బియా జాతి మొక్కల రసం కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఇక అసలు సంగతి. ఎవరైనా మొక్క ఏపుగా ఉన్నచోటికే పోతారు. కాలువ మూతి దగ్గర మురుగే ఎరువై అది గుబురుగా పెరుగుతుంది. పైగా ఇది ఉప్పును పీల్చి ఆకుల్లో దాచుకునే మొక్క. నేలలో కాడ్మియం, సీసం లాంటి విషపు లోహాలు ఉంటే వాటినీ పీల్చుకుంటుంది. పాడైన నేలలను బాగుచేయడానికి శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షిస్తున్నది అందుకే. నేలలోని విషాన్ని లాగేసిన మొక్కను కూర వండుకుంటే ఆ విషం ఎక్కడికి పోతుంది?

కడిగితే పోయేది ఆకు మీది ఇసుక. లోపలికి చేరింది కడిగితే పోదు, ఉడికించినా పోతుందన్న భరోసా లేదు. కాబట్టి గుబురు చూసి మోసపోవద్దు. చోటు చూడండి.

ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఉప్పు, ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్ళకు దారితీసే పదార్థాలు) కొంత తగ్గుతాయి. అయినా బీపీ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బులు, రాళ్ళు ఉన్నవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మేలు.

కాలువ మూతి దగ్గర కోయొద్దు. ఫ్యాక్టరీల పక్కన, పడవలకు రంగులు వేసేచోట, చెత్తకుప్పల దగ్గర అసలే వద్దు. భారీ వాన పడ్డాక కొన్నాళ్ళు ఆగండి. ఆ తీరంలో మొక్కలు కోయనిస్తారో లేదో ముందే కనుక్కోండి. వేర్లతో సహా పీకొద్దు, ఇసుకను పట్టి ఉంచేది ఆ వేర్లే. లేత కొసలు తుంచుకుంటే చాలు. పిల్లల్ని కోసుకురమ్మని పంపొద్దు. మొదటిసారి కొంచెమే తినండి. కడుపులో తేడా చేస్తే మిగిలిన ఆకు పారేయకుండా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి, ఎక్కడ కోశారో కూడా చెప్పండి.