పండుటాకులు, వాన చుక్కలు, చిన్ని వేళ్లు

గోడకు తగిలించుకునే ముద్దొచ్చే బొమ్మ కావాలంటే మీరే చేసేసుకోండి, త్వరగా అయిపోతుంది. నేను నర్సరీ పిల్లలతో చేతిపనులు చేయించేదాన్ని, బొమ్మ ఎలా వచ్చిందన్నది నాకు పట్టదు. చేస్తున్నంతసేపూ ఏ వేలు పనిచేస్తోంది, రెండో చెయ్యి ఊరికే ఉందా, సాయం పడుతోందా అన్నదే చూస్తాను. కాగితానికి జిగురు పూసి చమ్కీలు చల్లితే వేళ్లకు దక్కేది తక్కువ. అదే కాగితాన్ని సన్నగా చింపి, వేలి కొసలతో ఉండలు చుట్టి అతికించమంటే అరచేతిలోని చిన్న కండరాలన్నిటికీ పని పడుతుంది.

పుట్టినప్పుడు మణికట్టులోని 8 ఎముకలూ ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. బడికి వెళ్లే వయసు వచ్చాక కూడా అవి ఒక్కొక్కటిగా గట్టిపడుతూనే ఉంటాయి. అందుకే మూడేళ్ల పిల్ల పెన్సిలును పిడికిలి బిగించి పట్టుకుంటే కంగారు పడకండి. మూడు వేళ్ల పట్టు కుదురుకునేసరికి చాలామందికి 4 నుంచి 6 ఏళ్లు వస్తాయి. ఈలోగా ఆ వేళ్లకు కావలసిన సామగ్రిని ప్రతి రుతువూ ఎంతో కొంత తెచ్చి పెడుతుంది.

ఆకులు రాలే కాలమంటే నాకు పక్షపాతం. అప్పుడు చేయించేది ఆకు కుట్టు. పచ్చి ఆకు దారం లాగగానే చిరుగుతుంది, ఎండుటాకు పొడి పొడి అవుతుంది. మనకు కావలసింది పండుటాకు. పిల్ల అరచేతికంటే కాస్త పెద్దది, కొంచెం దళసరిది, వేలికి చుడితే విరగకుండా వంగేది ఏరండి. రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచితే చదునవుతుంది. మూడేళ్ల పిల్లలకైతే వెనకాల అదే ఆకారంలో పలుచని అట్ట అతికించండి. అంచుకు ఒక సెంటీమీటరు లోపలగా, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో పంచింగ్ మిషనుతో రంధ్రాలు వేయండి. అయిదేళ్లవాళ్లు ఆ పని కూడా తామే చేయగలరు, బాగా బలం పట్టే పని అది. ఊలు దారం మూరెడు చాలు. అంతకు మించితే చిక్కుపడుతుంది, మెడకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది. దారం ఒక కొసను మొదటి రంధ్రానికి ముడివేసి, రెండో కొసకు టేపు బిగించి చుడితే అదే సూది.

ఇక చూడండి. బొటనవేలు, చూపుడు వేలు కలిసి కొసను రంధ్రంలోకి తోస్తాయి. అవతల గోరంత కొస బయటికి వస్తుంది. ఇప్పుడు ఈ చెయ్యి వదలాలి, ఆ చెయ్యి అందుకోవాలి. మొదట్లో పాత చెయ్యి వదలకుండానే కొత్త చెయ్యి లాగుతుంది, దారం బిగుసుకుంటుంది. పిల్ల నాలుక కాస్త బయటపెట్టి ఆకు వైపు గుర్రుగా చూస్తుంది. సాయం చేసేద్దామని మీ చేతులు దురద పెడతాయి, తెలుసు. మహా అయితే ఆకు కాడ పట్టుకుని ఉండండి. రెండు చేతులూ వంతులు మార్చుకోవడం నేర్చుకునేది సరిగ్గా అక్కడే. చొక్కా గుండీ పెట్టుకోవడానికి రేపు అక్కరకొచ్చేది కూడా ఇదే నేర్పు. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి అని మీరు చెప్పినా, అంచు మీదుగా చుట్టి కుట్టేవాళ్లే ఎక్కువ. కుట్టనివ్వండి. ఆకు కొన్నాళ్లకు ముడుచుకుపోతుంది, దారం విప్పి మళ్లీ వాడుకోవచ్చు.

వానాకాలానికి డ్రాపర్, అంటే రబ్బరు బుడ్డి నొక్కి మందు చుక్కలు వేసే గొట్టం, మంచి పనిముట్టు. అట్టమీద దూదిని మబ్బులా అతికించి, గిన్నెలో నీలం రంగు నీళ్లు పెట్టండి. ముందు గాలిలో నొక్కాలి, నొక్కిపట్టి నీళ్లలో ముంచాలి, అప్పుడు వదలాలి. పిల్లలు తిరగేసి చేసి బుడగలు చూసి నవ్వుతారు, ఆ ఆటకూ కాస్త సమయం ఇవ్వండి. నీళ్లు ఎక్కడం పట్టుబడ్డాక “ఒక్క చుక్కే వేయి” అనండి. ఎంత బలం పెట్టాలో కొలుచుకోవడం మొదలవుతుంది. రెండేళ్లవాళ్లకు డ్రాపర్ కష్టం, స్పాంజి ముక్క ఇచ్చి పిండమనండి. కాగితాన్ని గోడకు అంటించి దాని మీద వాన కురిపిస్తే ఇంకా మేలు. నిలువు తలం మీద పనిచేసేటప్పుడు మణికట్టు వెనక్కి వంగి నిలుస్తుంది, రాతకు కావలసిన భంగిమ అదే.

ఎండాకాలంలో పసుపు రంగు వేసిన గుండ్రటి అట్ట చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టిస్తే సూర్యుడు తయారు. క్లిప్పు బిగువు ముందు మీరు చూసుకోండి, కొత్తవి మరీ గట్టిగా ఉంటాయి. పిల్ల అయిదు వేళ్లతో గుప్పిట పట్టి నొక్కుతుంటే ఉంగరపు వేలు, చిటికెన వేలు కింద చిన్న దూది ఉండ పెట్టి దాచుకోమనండి. ఆ రెండు వేళ్లూ ఉండతో ఉండిపోతే మిగిలిన మూడింటికే పని పడుతుంది. ఇది క్రేయాను పట్టుకునేటప్పుడూ పనికొస్తుంది. క్రేయానును కూడా రెండు మూడు సెంటీమీటర్ల ముక్కగా విరిచి ఇవ్వండి, అంత చిన్నదాన్ని పిడికిలితో పట్టడం కుదరదు.

చలికాలానికి ఊలు చుట్టుడు చాలు. అంచుల్లో గాట్లు పెట్టిన అట్ట, రంగుల ఊలు, అంతే.

మూడేళ్లలోపు పిల్లలుంటే గింజలు, పూసలు, చిన్న కాయలు వద్దు. టాయిలెట్ కాగితం చుట్టే గొట్టంలో దూరిపోయేదేదైనా వాళ్లకు ప్రమాదమే అనుకోండి. మీకు తెలియని మొక్క ఆకు తేకండి, పని అయ్యాక చేతులు కడిగించండి. కుర్చీలో కాళ్లు వేలాడుతుంటే పాదాల కింద పెట్టె పెట్టండి. నడుము నిలవకపోతే వేళ్లు నిలవవు. పిల్లకు ఇంకా చేయాలని ఉండగానే ఆపేస్తే రేపు తనే అడుగుతుంది.

కత్తెర ఏ రుతువులోనైనా ఒకటే. మొనలు గుండ్రంగా ఉన్నది ఇచ్చి, పక్కనే కూర్చోండి. మూడు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు ఇస్తే ఒకటి రెండు కోతలకే ముక్క తెగుతుంది, గీత మీద కత్తిరించడం తర్వాతి సంగతి. బొటనవేలు పైకి ఉండాలి. ఎడమ చేతివాటం పిల్లలకు ఎడమ చేతి కత్తెరే కొనండి. మామూలు కత్తెరలో పై అంచు గీతను కప్పేస్తుంది, అలవాటుగా నొక్కితే అంచులు విడిపోయి కాగితం తెగకుండా మడతపడుతుంది. తప్పు చేతిది కాదని ఆ పిల్లకు మీరే చెప్పాలి.