గ్రాంట్-కోర్స్ రాంచ్‌ను ఎలా చూడాలి?

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది వేసవిలో ఎల్లోస్టోన్ చూసుకుని, కారులోనే గ్లేసియర్ పార్కుకు వెళ్తుంటారు. దారిలో మోంటానాలోని డీర్ లాడ్జ్ దగ్గర ఒక పూట ఆగండి. కౌబాయ్‌ల కాలం నాటి పశువుల రాంచ్ అక్కడుంది. 1972లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించినా, అక్కడ ఇప్పటికీ ఆవులు మేస్తూనే ఉన్నాయి.

ముందుగా వేళలు చూసుకోండి. సీజన్‌ను బట్టి మారతాయి, నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. టికెట్ లేదు. ఇంటర్‌స్టేట్ 90 మీద బ్యూట్, మిజౌలా ఊళ్ల మధ్య వస్తుంది.

చేరగానే ఇల్లు చూపించే టూర్ ఎప్పుడో అడగండి. లోపలికి గైడ్‌తోనే వెళ్లాలి. 1862లో జానీ గ్రాంట్ కట్టించిన ఇల్లు అది. బండ్లలో వలస పోయేవాళ్ల దగ్గర నడిచి నడిచి చిక్కిపోయిన పశువులు రెండు తీసుకుని, పుష్టిగా ఉన్నది ఒకటి ఇచ్చేవాడు. ఆ రెండింటినీ మేపి, మళ్లీ అదే బేరం. మంద అలా పెరిగింది. 1866లో రాంచ్‌ను కొన్న కోన్‌రాడ్ కోర్స్ జర్మనీ నుంచి వచ్చినవాడు, బంగారు గనుల దగ్గర మాంసం అమ్మేవాడు. తర్వాత్తర్వాత ఆయన పశువులు నాలుగు రాష్ట్రాల్లో, కెనడాలో కలిపి కోటి ఎకరాల్లో మేశాయి.

టూర్ మొదలవడానికి ఇంకా టైం ఉంటే కొట్టాల వైపు నడవండి. నన్నడిగితే అసలు చూడాల్సింది అక్కడే. కమ్మరి కొలిమి, పనివాళ్లు పడుకున్న గదులు, వంటబండి చూశాక గడ్డి దగ్గర కాసేపు నిలబడండి. ఆ రోజుల్లో కంచెల్లేవు, చలికాలానికి గడ్డి దాచే అలవాటూ తక్కువే. 1886-87 చలికాలంలో మంచు గడ్డకట్టి మేత అందక, ఆ ప్రాంతమంతటా పశువులు మందలు మందలుగా చచ్చిపోయాయి. కోర్స్ అప్పు చేసి నిలదొక్కుకున్నాడు. ఆ తర్వాత గడ్డి పెంచి, కోసి, వాములు వేయడం మొదలైంది. వరిగడ్డి వాము ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. పిల్లలకు ఈ కథ అక్కడే చెప్పండి.

టోపీ, నీళ్లు, గట్టి బూట్లు తీసుకెళ్లండి, నడక ఎక్కువ. పశువులకు, గుర్రాలకు దూరంగా ఉండండి. దాటిన గేటు ముందు ఎలా ఉందో అలాగే వదలండి.