డీజిల్ కారులో కాలుష్య నియంత్రణ పరికరాలను తీయకుండానే మైలేజీ కాపాడుకోవడం ఎలా?

కాలుష్య ప్రమాణాలు కఠినమైనప్పటి నుంచి డీజిల్ కార్ల మైలేజీ పడిపోయిందనీ, మసిని పట్టే ఫిల్టరు తీయించేసి, పొగలో కొంత భాగాన్ని ఇంజనులోకి తిరిగి పంపే ఈజీఆర్ వాల్వు మూయించేస్తే అది తిరిగి వస్తుందనీ సలహా ఇచ్చేవారికి కొదవ లేదు. ఆ సలహా పాటించే ముందు ఇంజనులో ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో తెలిస్తే, ఆ పరికరాలను ముట్టుకోకుండానే చాలావరకు ఆదా చేసుకోవచ్చు.

డీజిల్ ఇంజనులో మంట వేడి పెరిగేకొద్దీ ఇంధనం నుంచి ఎక్కువ పని రాబట్టవచ్చు గానీ, ఆ వేడికే గాలిలోని నైట్రజన్, ఆక్సిజన్ కలిసి నైట్రజన్ ఆక్సైడ్లు ఏర్పడతాయి. ఈజీఆర్ వాల్వు పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండరులోకి పంపి ఆ వేడిని తగ్గిస్తుంది. దానివల్ల నైట్రజన్ ఆక్సైడ్లు తగ్గినా మసి పెరుగుతుంది కనుక, ఆ మసిని పట్టడానికి డీపీఎఫ్ ఫిల్టరు అవసరమైంది. యూరప్‌లో డీజిల్ కార్లు కిలోమీటరుకు విడుదల చేయదగిన నైట్రజన్ ఆక్సైడ్లు 2000 నాటి యూరో 3 ప్రమాణంలో 0.50 గ్రాములు కాగా, 2014 నాటి యూరో 6లో 0.08 గ్రాములే. ఇంత కోతను ఈజీఆర్ ఒక్కదానితో సాధించాలంటే మైలేజీ దెబ్బతింటుంది. యూరియా ద్రావణంతో ఆ వాయువులను పొగగొట్టంలోనే నైట్రజన్‌గా, నీటి ఆవిరిగా మార్చే ఎస్‌సీఆర్ అనే పరికరం ఉంటే, ఇంజనును ఇంధన పొదుపుకు అనుకూలంగా ట్యూన్ చేసే వెసులుబాటు కంపెనీకి దొరుకుతుంది. రెండు కార్ల మధ్య ఎంచుకోవలసి వస్తే ఈ విషయం అడిగి తెలుసుకోవడం మంచిది.

ముందుగా మీ కారు అసలు మైలేజీ లెక్కగట్టండి. బంకులో గన్ను మొదటిసారి ఆగేవరకు ట్యాంకు నింపించి ట్రిప్ మీటరును సున్నా చేయాలి. ఎప్పటిలాగే నడిపి, తరువాత అదే పంపు దగ్గర అదే విధంగా నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్క ట్యాంకుతో నిర్ణయానికి రాకూడదు. ఫిల్టరు శుభ్రపడే ప్రక్రియ ఒక ట్యాంకులో ఎక్కువసార్లు, మరో ట్యాంకులో తక్కువసార్లు జరగవచ్చు కాబట్టి, కొన్ని ట్యాంకుల సగటే నమ్మదగినది.

రీజనరేషన్ అనే ఆ ప్రక్రియే అన్నిటికంటే ముఖ్యం. హైవే మీద పొగ తగినంత వేడిగా ఉన్నప్పుడు మసి కొంతవరకు తనంతట తానే కాలిపోతుంది. ఊళ్ళో చిన్న దూరాలే తిరిగే కారులో ఆ వేడి రాదు కనుక, ఇంజను అదనంగా డీజిల్ చిమ్మి ఫిల్టరును సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరుస్తుంది. ఆ డీజిల్ బండిని ఒక్క అడుగు కూడా ముందుకు నడపదు. మీరు ఇంటికి చేరి కారు ఆపబోతుండగా ఐడిల్ ఆర్‌పీఎం మామూలుకంటే ఎక్కువగా ఉండటం, ఫ్యాను గట్టిగా తిరగడం, కారు నిలిచినప్పుడు ఇంజనును తనంతట తానే ఆపే స్టార్ట్-స్టాప్ పనిచేయకపోవడం, కాలిన వాసన రావడం గమనిస్తే రీజనరేషన్ జరుగుతోందని అర్థం. అప్పుడు తాళం తిప్పేయకుండా, వీలైతే మరికొంత దూరం ఒకే వేగంతో నడిపి దాన్ని పూర్తి కానివ్వాలి. చాలా కార్లలో ఇందుకు 10 నుంచి 20 నిమిషాలు సరిపోతాయి. ఎండుగడ్డి మీద మాత్రం ఆ సమయంలో కారు నిలపకండి. మధ్యలో ఆపేసిన ప్రతిసారీ అదే పనికి మళ్ళీ ఇంధనం ఖర్చవుతుంది. పైగా కాలని డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతోందంటే కారణం సాధారణంగా ఇదే, ఆయిల్ వెంటనే మార్చాలి.

రీజనరేషన్ మరీ తరచుగా వస్తుంటే తప్పు ఫిల్టరుదే అనుకోకండి. డీజిల్ లీకవుతున్న ఇంజెక్టరు, చిల్లుపడిన టర్బో గొట్టం, ఇరుక్కుపోయిన ఈజీఆర్, చెడిన సెన్సారు వంటివి మసిని పెంచుతాయి. ముందు వాటిని పరీక్షింపజేయాలి. ఇంజన్ ఆయిల్ విషయంలో కారు పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిదనిచ్చే రకమే వాడాలి, ఎందుకంటే మసి కాలిపోతుంది గానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద ఫిల్టరులోనే ఉండిపోతుంది.

యూరియా ద్రావణం ఐఎస్‌ఓ 22241 ప్రమాణానికి చెందినదై ఉండాలి. అందులో యూరియా 32.5 శాతం, మిగిలింది శుద్ధి చేసిన నీరు. ఎరువుల యూరియాను నీటిలో కలిపి పోస్తే అందులోని మలినాలు ఖరీదైన ఎస్‌సీఆర్‌ను పాడుచేస్తాయి. టైర్లలో గాలి, అనవసరపు బరువు, నిలిచిన చోట ఇంజను నడుస్తూ ఉండటం ఏ కారుకైనా వర్తించేవే.

ఇక పరికరాలు తీయించడం. దానివల్ల వచ్చే కాస్త మైలేజీ కోసం ఆ పొగను ఇతరుల ఊపిరితిత్తుల్లోకి పంపడం నాకు ఏ విధంగానూ సమర్థనీయంగా కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. కాలుష్య పరీక్షలో ఒక తీరుగా, రోడ్డు మీద మరో తీరుగా పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ వాడినట్టు 2015లో బయటపడ్డాక, సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో అది ఉందని ఆ సంస్థే ఒప్పుకుంది. యూరప్‌లో 2017 నుంచి కొత్త మోడళ్ళను రోడ్డు మీద కూడా పరీక్షిస్తున్నారు.

మీ రోజువారీ ప్రయాణం ఇంజను పూర్తిగా వేడెక్కేలోపే ముగిసేంత చిన్నదైతే, వారానికి ఒకసారైనా కారును హైవే మీద అరగంట నడిపే వీలు ఉందా అని కొనేముందే ఆలోచించండి. లేకపోతే పెట్రోలు, హైబ్రిడ్ లేదా విద్యుత్ కారు తీసుకోవడమే మేలు.