సిస్టం పడిపోతే, 3వ పాఠం: ఫార్మాట్ కొట్టించే ముందు

పోయిన పాఠంలో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ అన్న టిక్కు తీసెయ్యమన్నాను కదా, తీసినవాళ్లకి ఇవాళ్టి పాఠం సగం వచ్చేసినట్టే. తియ్యనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. స్టార్ట్‌లో ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’ అని వెతికి, ‘స్టార్టప్ అండ్ రికవరీ’ కింద సెట్టింగ్స్ నొక్కితే కనిపిస్తుంది. ఆ టిక్కు ఉన్నంతకాలం సిస్టం పడిపోయినప్పుడు కనిపించే నీలం తెర, అంటే బ్లూ స్క్రీన్, ఇట్లా వచ్చి అట్లా పోతుంది, చదివే టైమే ఉండదు.

ఇవాళ నేర్చుకునేది ఒక్కటే: సిస్టం పడిపోతే ఎందుకు పడిపోయిందో మనంతట మనం కనిపెట్టడం. వరంగల్, హనుమకొండల్లో చాలా చోట్ల బ్లూ స్క్రీన్ అనగానే ముందు వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టాలె’. తప్పు విండోస్‌లోనో, ఒక్కో పరికరాన్ని విండోస్‌తో పని చేయించే చిన్న సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనో ఉంటే ఫార్మాట్‌తో తగ్గుతుంది, నిజమే. ర్యామ్‌లో, అంటే సిస్టం నడుస్తున్నంతసేపు పని సమాచారం పెట్టుకునే మెమరీలో, ఉంటే మాత్రం కొత్తగా విండోస్ వేసిన నాలుగు రోజులకే మళ్లీ అదే తెర వస్తుంది, పైగా ఈసారి పెళ్లి కార్డుల డిజైన్లు, మీసేవ దరఖాస్తుల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు ఏవీ ఉండవు. అందుకే ముందు కారణం, తర్వాత డేటా, అన్నిటికన్నా చివర ఫార్మాట్.

అసలు బ్లూ స్క్రీన్ అంటే విండోస్ తనకు తానే ఆగిపోవడం. ఏదో డ్రైవర్ మెమరీలో తాకకూడని చోటు తాకినా, డిస్క్ నుంచి రావాల్సిన డేటా రాకపోయినా, విండోస్‌కి గుండెలాంటి కెర్నెల్ దాన్ని గమనించి, ఇలాగే నడిపిస్తే మిగతా ఫైళ్లు కూడా పాడవుతాయని మొత్తం నిలిపేస్తుంది. నిలిపే ముందు ఆ క్షణాన మెమరీలో ఉన్న సమాచారాన్ని డిస్క్ మీద రాసుకుంటుంది. తెర మీద సున్నా నుంచి నూరు దాకా పెరిగే శాతం అదే. అది పెరుగుతున్నంతసేపు పవర్ బటన్ ముట్టుకోకండి. సున్నా దగ్గరే చాలాసేపు కదలకుండా ఉంటే డిస్క్ మీద అనుమానం పెట్టుకోండి. విండోస్ 11 కొత్త అప్‌డేట్లు పడ్డ సిస్టంలలో ఈ తెర నీలం పోయి నల్లగా మారింది, రంగు చూసి టెన్షన్ పడొద్దు, విషయం అదే.

తెర రాగానే ఫోన్ తీసి ఫొటో కొట్టండి. మనకు కావాల్సింది ‘స్టాప్ కోడ్’ అన్న చోట ఉన్న మాట, దాని పక్కనో కిందో ‘వాట్ ఫెయిల్డ్’ అని ఫైలు పేరు కూడా కనిపిస్తే ఆ పేరు. క్యూఆర్ కోడ్ మీద టైం పెట్టకండి, అది అందరినీ తీసుకెళ్లి ఒకే మామూలు సహాయం పేజీలో దింపుతుంది.

కోడ్‌లు వందల్లో ఉన్నాయి, అన్నీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ‘మెమరీ మేనేజ్‌మెంట్’, ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ అని వస్తే మొదట ర్యామ్ చూడండి. ‘కెర్నెల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్’, ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటే డిస్క్ వైపు, దాని కేబుల్ వైపు. ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అని ఉన్నా, ఫైలు పేరు చివర ‘డాట్ ఎస్‌వైఎస్’ కనిపించినా డ్రైవర్. ఒక్క ఫొటోతో తేల్చెయ్యకండి, రెండు మూడుసార్లు పడ్డాక పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతిసారీ అదే కోడ్, అదే ఫైలు అయితే నేను డ్రైవర్‌నే పట్టుకుంటాను, వచ్చినప్పుడల్లా కొత్త కోడ్ వస్తుంటే ముందు ర్యామ్ విప్పుతాను. ఇంకా నమ్మకం కుదరకపోతే సేఫ్ మోడ్‌లో ఓ పూట నడిపించండి. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఇచ్చి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి, మళ్లీ రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కాలి. అందులో విండోస్ సొంత డ్రైవర్లు తప్ప పెద్దగా ఏవీ లోడ్ కావు, కాబట్టి అక్కడ బాగా నడిచి మామూలుగా పడిపోతుంటే తప్పు చాలావరకు సాఫ్ట్‌వేర్‌ది. అక్కడా పడిపోతే హార్డ్‌వేర్ మీద అనుమానంతో స్క్రూడ్రైవర్ తీయాల్సిందే.

2024 జూలై 19 గుర్తుందా, విమానాశ్రయాల్లో తెరలన్నీ నీలంగా మారి, మన శంషాబాద్‌లో కూడా చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన రోజు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా కలిపి దాదాపు 85 లక్షల విండోస్ సిస్టంలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. వాటికి చెప్పిన మందు ఏంటంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసెయ్యడం. ఫార్మాట్ కాదు, ఒక్క ఫైలు! కారణం తెలిస్తే పని అంత చిన్నదైపోతుంది, అందుకే దీని మీద ఇంత పట్టుబడుతున్నాను.

ఇక మన దగ్గర ఎక్కువగా జరిగేది వేరే. తెర మీద ఏమీ రాదు, టక్కున ఆగిపోతుంది, లేదా దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. ఇలాంటప్పుడు స్టార్ట్‌లో వెతికి, జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్ తెరవండి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కి, ‘కెర్నెల్ పవర్’ పేరుతో 41 నంబరున్న ఎర్ర గుర్తు వెతకండి. 41 అంటే ‘సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ ఆన్ అయింది’ అని మాత్రమే, దాన్ని చూసి పవర్ సప్లై మార్పించేసినవాళ్లు చాలామంది ఉన్నారు, తొందరపడకండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో ‘బగ్‌చెక్ కోడ్’ ఎంతుందో చూడండి. సున్నా కాకపోతే బ్లూ స్క్రీన్ వచ్చిందనే అర్థం, మీరు చూసేలోపు పోయింది. ఇక్కడ అంకె మామూలు పది లెక్కలో ఉంటుంది, నెట్‌లో వెతికేటప్పుడు పదహారు లెక్కలోకి మార్చుకోవాలి, 26 ఉంటే 1ఏ అన్నమాట, అంటే మెమరీ మేనేజ్‌మెంట్. కాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ పెడితే అదే మార్చి పెడుతుంది. సున్నా ఉంటే మాత్రం విండోస్‌కి ఏం జరిగిందో రాసుకునే సందు కూడా దొరకలేదన్నమాట, కరెంటు పోయి ఉండాలి, వేడికి ఆగి ఉండాలి, లేదా పూర్తిగా బిగుసుకుపోతే మీరే బటన్ నొక్కి ఆపి ఉండాలి.

వేడి సంగతి కాస్త వివరంగా చెప్తాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండల్లో రేకుల షెడ్డు కింద పొద్దంతా నడిచే జిరాక్స్ షాపు సిస్టం పరిస్థితి ఊహించుకోండి. ప్రాసెసర్ వేడెక్కితే మొదట స్లో అవుతుంది, ఇంకా పెరిగితే కాలిపోకుండా తనే ఆగిపోతుంది, బ్లూ స్క్రీన్ కూడా రాదు. పత్తి వచ్చే ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కలో, జిన్నింగు మిల్లు దగ్గరో మీ షాపు ఉంటే ఇవాళే సీపీయూ డబ్బా విప్పండి. పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది. ఆ ఫ్యాన్ ఎత్తితే కింద ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మీద దూది, దుమ్ము కలిసి గొంగడి ముక్కలా పరుచుకుని ఉంటుంది, గోటితో లాగితే పొరకు పొర లేచి వస్తుంది. గాలి రేకుల మధ్యకు పోయే దారే లేనప్పుడు ఫ్యాన్ ఎంత తిరిగి ఏం లాభం. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, వదిలేస్తే విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది.

వేడా, కరెంటా అన్నది తేల్చడం కష్టం కాదు. ఆగిపోయిన వెంటనే ఆన్ చేస్తే ఇంకా త్వరగా ఆగిపోతోందా, అది వేడి. కరెంటు పోయి యూపీఎస్ టక్‌మన్న క్షణంలోనే ఆగుతోందా, యూపీఎస్ బ్యాటరీ అయిపోయింది. పరీక్షించాలంటే విండోస్‌లో ఉండగా చెయ్యకండి. సిస్టం ఆన్ చేసి, విండోస్ కన్నా ముందు ఉండే సెట్టింగుల తెర అయిన బయోస్‌లోకి వెళ్లి, అక్కడ ఆగి, యూపీఎస్‌కి వచ్చే గోడ స్విచ్ ఆపండి. ఏ ఫైలూ తెరిచి ఉండదు కాబట్టి డేటాకి భయం లేదు. సిస్టం కూడా అప్పుడే ఆరిపోయిందంటే బ్యాటరీ మార్చండి.

ర్యామ్ అనుమానమైతే కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని తీసి పెట్టి చూడండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, చేత్తో డబ్బా ఇనుమును ఒకసారి తాకి, అప్పుడు ర్యామ్ క్లిప్పు తెరవాలి. బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా దులిపి, క్లిప్పు టక్‌మని పడేదాకా నొక్కాలి. రెండు ఉంటే ఒక్కొక్కటే పెట్టి నడిపించండి. తర్వాత స్టార్ట్‌లో ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని వెతికి పరీక్ష పెట్టండి, ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌ను నమ్మడానికి లేదు.

డిస్క్ కోడ్ వచ్చినవాళ్లకి గట్టిగా చెప్తున్నాను, డేటా బయటికి తీయకుండా, డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ కమాండ్ కొట్టకండి. చావు బతుకుల్లో ఉన్న డిస్క్‌ని మొత్తం చదివిస్తే ఉన్న కాస్త ప్రాణం కూడా పోతుంది. విండోస్ తెరుచుకోకపోయినా ఫైళ్లు తీయొచ్చు. వరసగా రెండు మూడుసార్లు బూట్ కాకపోతే రిపేర్ మెనూ తనే వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ ఇవ్వండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే డ్రైవులన్నీ కనిపిస్తాయి, అక్కడే రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చెయ్యొచ్చు. మీ సీ డ్రైవ్ అక్కడ డీ అనో, ఈ అనో కనిపించొచ్చు, లోపలి ఫోల్డర్లు చూసి గుర్తుపట్టండి.

ఇక్కడే కొందరికి 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. ఇప్పటి లాప్‌టాప్‌లలో డిస్క్‌కి తాళం మనకు తెలియకుండానే పడి ఉండొచ్చు, మామూలుగా దాని కీ విండోస్ పెట్టినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ మీదా, షాపతను తన మెయిల్‌తో పెట్టిందా అన్నది సిస్టం బాగున్నప్పుడే చూసుకోవాలి.

కాబట్టి అభ్యాసం రెండు పనులు. ఈవెంట్ వ్యూయర్‌లో మీ సిస్టంలో 41 ఎన్నిసార్లు పడిందో, ఏ టైంలో పడిందో, బగ్‌చెక్ కోడ్ ఎంతో రాయండి. తాళం ఉంటే బిట్‌లాకర్ కీని కాగితం మీద రాసి లాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంట్లో పెట్టండి. నాలుగో పాఠంలో పాడైన విండోస్ ఫైళ్లను ఫార్మాట్ లేకుండా సరిచెయ్యడం, రీస్టోర్ పాయింట్‌కి వెనక్కి వెళ్లడం చూద్దాం, దానికి ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి, కనీసం 8 జీబీది, దగ్గర పెట్టుకోండి.