రాబోయే రక్షకుడి గురించి ఏ మతం ఏం నమ్ముతుందో కలగాపులగం కాకుండా తెలుసుకోవడం ఎలా

కల్కి, మెస్సీయ, మహదీ, మైత్రేయుడు అందరూ ఒక్కరే అని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, దయచేసి వాటితో మొదలుపెట్టకండి. ఏ మతం తీసుకున్నా ముందు ఇవి అడగండి, ఆయన ఇదివరకే వచ్చాడా, ఎవరి వంశం, వచ్చి ఏం చేస్తాడు. సగం గందరగోళం అక్కడే పోతుంది.

యూదుల దగ్గర మొదలుపెడితే మంచిది. వాళ్ళు ఎదురుచూసే మెస్సీయ దేవుడు కాదు, మనిషే, దావీదు వంశంలో పుట్టే రాజు, చెదిరిపోయిన జనాన్ని ఒకచోటికి చేర్చి యెరూషలేములో ఆలయం మళ్ళీ కట్టిస్తాడు, యుద్ధాలు ఆగిపోతాయి. ఇవేవీ ఇంకా జరగలేదు కాబట్టే వాళ్ళు యేసుని మెస్సీయగా ఒప్పుకోరు, దాన్ని మొండితనం అనుకోకండి. పస్కా అనే తమ పండుగ రాత్రి ఏలీయా ప్రవక్త కోసం ఒక గ్లాసు ద్రాక్షారసం పోసి ఉంచి ఇంటి తలుపు తీస్తారు, మెస్సీయ కంటే ముందు ఆయన వస్తాడని. ఇన్ని వందల ఏళ్ళు ఇన్ని కష్టాలు పడ్డాక కూడా ఆ తలుపు తీస్తున్నారంటే నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

క్రైస్తవులకి ఆయన వచ్చేశాడు, మళ్ళీ వస్తాడు, మన చర్చిల్లో రెండో రాకడ అనేది ఇదే. ఎవరైనా డేట్ చెప్తే మత్తయి 24:36 తీసి చదవండి, ఆ దినం ఆ గడియ ఎవరికీ తెలియదని అక్కడే ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి మాట నమ్మి వేలమంది 1844 అక్టోబర్ 22న ఎదురుచూశారు, ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది.

ఇస్లాం దగ్గర కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఈసా (అంటే యేసు) వేరు, మహదీ వేరు. ఈసాని ఖురానే మసీహ్ (మెస్సీయ) అంటుంది, మహదీ మాత్రం హదీసుల్లో, అంటే ప్రవక్త ముహమ్మద్ మాటలూ పనులూ చెప్పే కథనాల్లో కనిపిస్తాడు. సున్నీల్లో ఎక్కువమంది మహదీ ఇంకా రావాలంటారు, షియాల్లో ఎక్కువమంది ఆయన తమ 12వ ఇమామ్ అనీ, 9వ శతాబ్దంలోనే పుట్టి ఇప్పటికీ కనపడకుండా బతికే ఉన్నాడనీ నమ్ముతారు, ఇస్లామీ నెల షాబాన్ 15న ఆయన పుట్టినరోజు చేస్తారు. హైదరాబాద్ చంచల్‌గూడలో మహదవీలు ఉన్నారు, వాళ్ళని అడిగితే మహదీ వచ్చి వెళ్ళాడు, 15వ శతాబ్దంలో పుట్టిన సయ్యద్ ముహమ్మద్ జౌన్‌పురీయే ఆయన అంటారు. ఒకే ఊళ్ళో మూడు సమాధానాలు! అందుకే "ముస్లింలు ఇలా నమ్ముతారు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ఎదుటివాళ్ళనే మర్యాదగా అడగండి, వాదించడానికి కాదు వినడానికి.

కల్కి గురించయితే భాగవతం 12వ స్కంధం చూడండి, శంభల గ్రామం, విష్ణుయశుడి ఇల్లు అన్నీ ఉంటాయి. ఆయన వచ్చేది కలియుగం చివర్లో, ఆ యుగం 4,32,000 ఏళ్ళు, మొదలైంది క్రీ.పూ. 3102లో అని లెక్క, కాబట్టి ఈ ఏడాదే వస్తాడంటే నమ్మొద్దు. బౌద్ధుల మైత్రేయుడు తీర్పు చెప్పడానికి రాడు, లోకం ధర్మాన్ని మర్చిపోయాక మళ్ళీ నేర్పడానికి వస్తాడు.

ఇక మన బ్రహ్మంగారు చెప్పిన వీరభోగ వసంతరాయలు. కాలజ్ఞానంలో ఉందట అని వాట్సాప్‌లో ఏది వచ్చినా ఏ పుస్తకం, ఏ పేజీ అని అడగండి, చూపించలేకపోతే ఇంకొకళ్ళకి పంపకండి.