పాతబాణీ పాత్రధారణ ఆట – నాలుగో పాఠం: పాత్రకు ఏమి తెలుసు?

గత పాఠంలో, ఆటగాడు తాను చేయదలచిన పనిని పాచికతో కాకుండా మాటలతో చెప్పడం అభ్యసించాం. అలా చెప్పాలంటే ఎదురుగా ఉన్నదేమిటో అతనికి ముందుగా తెలియాలి కనుక, ఈ పాఠంలో పాత్ర జ్ఞానాన్ని రిఫరీ, అంటే ఆటను నడిపేవాడు, ఎలా అందించాలో చూద్దాం.

1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పాత్రధారణ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడినప్పుడు అందులో నైపుణ్యాల పట్టిక లేదు. యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు అనే మూడు వర్గాలే ఉండేవి. 1975లో గ్రేహాక్ అనుబంధం ద్వారా దొంగ ప్రవేశించాడు, అతనితోపాటు అతని పనులు ఫలించే అవకాశాన్ని చెప్పే శాతాలూ వచ్చాయి. తాళం తీయడం, చప్పుడు లేకుండా నడవడం దొంగ సొత్తయితే మిగిలినవారు ఆ పనులకు పూనుకోకూడదా అనే చిక్కు అప్పటి నుంచి ఉంది. అదే ఆటకు 1981లో వచ్చిన బేసిక్ నియమాల ప్రకారం మొదటి స్థాయి దొంగ ఉచ్చును కనిపెట్టే అవకాశం 10 శాతం మాత్రమే. ఈ అంకెను ఏకైక మార్గంగా తీసుకుంటే దొంగ పాత్ర తీసుకున్నవాడు పది గదుల్లో తొమ్మిదింట విఫలుడవుతాడు. అందుచేత పొడవాటి కర్రతో నేలను తట్టి చూస్తున్నానని ఎవరు చెప్పినా, ఆ పని ఉచ్చును బయటపెట్టేదైతే పాచిక లేకుండానే బయటపెట్టండి. మాటలకు అందని సందర్భంలో దొంగకు దక్కే అదనపు అవకాశమే ఆ శాతం. ఇది నియమపుస్తకంలోని వాక్యం కాదు, నేను నమ్మి పాటిస్తున్న వ్యాఖ్యానం.

జ్ఞానం విషయానికి వస్తే, అదే ఆటలో రిఫరీ కోసం 1979లో వచ్చిన నియమపుస్తకం డంజన్ మాస్టర్స్ గైడ్‌లోని ఉపవృత్తుల పట్టిక నాకు ఎంతో ఇష్టం. జాలరి, వడ్రంగి, తాపీపనివాడు వంటి వృత్తుల పేర్లే తప్ప ఆ నైపుణ్యాలకు అంకెలేమీ అందులో లేవు. వృత్తి ఎక్కడ ఉపయోగపడుతుందో తేల్చే బాధ్యత రిఫరీదే.

దీని విలువ నాకు విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఆడిన ఒక ఆటలో బోధపడింది. కొండపల్లి కోటను పోలిన శిథిల దుర్గంలో దారికి అడ్డంగా ఒక ద్వారపాలక విగ్రహాన్ని నిలిపాను. అది రాయిలా కనిపించే పొణికి కర్ర బొమ్మ, లోపల బోలు. గుట్టు తెలియాలంటే బుద్ధిబలం మీద పాచిక వేయమన్నాను. నలుగురూ వేశారు, నలుగురూ ఓడిపోయారు, ఆట అక్కడే ఆగింది. అప్పుడు అందరిలోకి చిన్నవాడు తన పాత్ర గురించి, "అన్నా, మావాడు బొమ్మలు చేసే ఇంట్లో పుట్టాడు కదా, ఆ అతుకు చూస్తే గుర్తుపట్టడా?" అన్నాడు. గుర్తుపడతాడు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చడం ఆ ఇంటి పిల్లలు చూస్తూ పెరిగే పని. నేను పాచిక అడగకుండా, "నీకు మక్కు అతుకు కనిపించింది, ఇది రాయి కాదు" అని చెప్పి ఊరుకోవలసింది. నీళ్లు పోసి నానబెట్టాలా, కత్తితో గీకాలా, లోపల ఎవరైనా దాగి ఉంటారేమోనని ముందు చెవి ఒగ్గాలా అన్నది వాళ్లు తేల్చుకోవలసిన సంగతి, అసలు ఆట అక్కడే ఉంది.

వృత్తి వల్ల తప్పక తెలిసేదాన్ని అడగకముందే చెప్పండి. తెలియడానికి అవకాశమే లేనిదాన్ని పాచికకు వదలకండి. తెలిసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు అనిపించి, పొరపాటు పడితే నష్టం కూడా ఉన్నప్పుడే పాచిక తీయండి.

ఇక పాత్రకు తెలియనిది ఆటగాడికి తెలిసిన సందర్భం. ట్రోల్ అనే రాక్షసుడి గాయాలు వాటంతటవే మానుతాయనీ, అది నిప్పుకూ ఆమ్లానికీ మాత్రం లొంగుతుందనీ అనుభవజ్ఞుడికి తెలుసు. తెలియనట్టు నటించమని అతన్ని నిర్బంధించడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఈ బాణీలో పరీక్షకు నిలిచేది ఆటగాడి ఆలోచనే. కొత్తదనం కావాలంటే రాక్షసుణ్ణి మార్చండి, మార్చిన సంగతికి ఆనవాళ్లు ముందుగా కనిపించేలా చూడండి: కాలిన చర్మంతోనే లేచి తిరుగుతున్న ట్రోల్‌ను దూరం నుంచి చూపితే చాలు.

అభ్యాసం: మంగళగిరి నేతగాడు, కృష్ణలో పడవ నడిపేవాడు, తాపీపనివాడు ఉన్న బృందం కోసం ఒక గదిని ఐదు వాక్యాలలో వర్ణించండి. ఆపైన ఆ గదిలో ఒక్కొక్కరికి మాత్రమే కనిపించే ఒక్కొక్క సంగతిని విడిగా రాయండి. వచ్చే పాఠంలో గూఢద్వారాల వెతుకులాటకు ఈ గదినే వాడుకుంటాం.