కృష్ణబిలాల లెక్కలు – 4వ పాఠం: వెలుగు మారే వేగాన్ని బట్టి పరిమాణం కట్టడం

ఎం87 గెలాక్సీ నడుమనున్న కృష్ణబిలం వ్యాసార్ధాన్ని కిందటి పాఠంలో కట్టాం. సూర్యుడంత ద్రవ్యరాశికి సుమారు 3 కిలోమీటర్ల చొప్పున, 650 కోట్ల సూర్యులకు 1,950 కోట్ల కిలోమీటర్లు వచ్చింది. ఆ అంకెను దగ్గర పెట్టుకోండి.

మా అనంతపురం జాతరల్లో ఉరుములనే తోలు వాద్యాల మోత విన్నవారికి ఈ పాఠం త్వరగా పట్టుబడుతుంది. ఉరుములవాళ్లు మీ ఎదుటి నుంచి 340 మీటర్ల దూరం వరకు బారుగా నిలబడి, ఒకే క్షణంలో వాయించడం ఆపేశారనుకోండి. దగ్గరి ఉరుము మోత వెంటనే ఆగుతుంది, చివరిదాని మోత మరో సెకనుకు గాని ఆగదు, ఎందుకంటే ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లే వెళుతుంది. మోతంతా సెకనులో పదోవంతులో తెగిపోతే, కళ్లు మూసుకుని విన్నా ఆ బారు సుమారు 34 మీటర్లకు మించదని చెప్పవచ్చు. వెలుగుకైతే 340 మీటర్ల స్థానంలో 3 లక్షల కిలోమీటర్లు వేసుకోవాలి.

ఏప్రిల్ చివర్లో రాత్రి పదిన్నరకు మన నడినెత్తికి చేరువగా వచ్చే ఎం87 నుంచి దాదాపు 5,000 కాంతి సంవత్సరాల పొడవున ఒక జెట్, అంటే వేగంగా దూసుకుపోయే పదార్థపు ధార, చిమ్ముతోంది; 1918లో ఖగోళ శాస్త్రవేత్త కర్టిస్ దానిని నిటారైన గీతలా చూశాడు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల్లోని ప్రోటాన్లు అయస్కాంత క్షేత్రాల్లో వంగిపోయి పుట్టినచోటు చెప్పలేవు, అత్యధిక శక్తి గల వెలుగైన గామా కిరణాలు మాత్రం నేరుగా వస్తాయి. 2005లో నమీబియాలోని హెస్ అనే గామా కిరణ టెలిస్కోపులకు ఎం87 గామా వెలుగు సుమారు రెండు రోజుల్లోనే మారుతున్నట్లు కనిపించింది.

రెండు రోజులంటే 1,72,800 సెకన్లు. 3 లక్షలతో హెచ్చవేస్తే 5,184 కోట్ల కిలోమీటర్లు, అంటే కృష్ణబిలం వ్యాసార్ధానికి 2.7 రెట్లు. అంత పొడవైన జెట్‌లో వెలిగిన చోటు ఇంత చిన్నది కావడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇక్కడ చాలామంది ఒక మెట్టు దాటేస్తారు. వెలిగే పదార్థం మనవైపు వేగంగా వస్తుంటే, వెలుగు మార్పు మనకు అసలుకంటే త్వరగా జరిగినట్లు కనిపిస్తుంది; ఎన్ని రెట్లు త్వరగానో చెప్పే డాప్లర్ గుణకంతో వచ్చిన హద్దును హెచ్చవేయాలి. అది 10 అనుకున్నా, ఆ హద్దు జెట్ పొడవులో 90 వేల వంతుల్లో ఒక వంతే. అయితే చోటు చిన్నదని తేలినంత మాత్రాన అది కృష్ణబిలం పక్కనే ఉన్నట్లు రుజువు కాదు. ఈ తేడాను మరవకండి.

సాధన: ఐసీ 310 గెలాక్సీ గామా వెలుగు 2012లో సుమారు 5 నిమిషాల్లోనే మారింది. దాని కృష్ణబిలం ద్రవ్యరాశి 30 కోట్ల సూర్యులని తీసుకుని, కృష్ణబిలం వ్యాసార్ధం, డాప్లర్ గుణకం లేకుండా వెలిగిన చోటు హద్దు, ఈ రెండు అంకెలూ కట్టండి. వెలిగిన చోటు కృష్ణబిలం కంటే చిన్నదని వస్తే లెక్క కొట్టేయకండి, అక్కడి నుంచే 5వ పాఠం మొదలుపెడదాం.